ఖాళీ బస్సు ఫోటోలు

పోయిన ఫోటోలు, మెసేజీలు తిరిగి తీసి ఇవ్వబడును అని బోర్డు రాయించిన పాపానికి, వీధి వీధంతా కలిసి ఆమెకు తవ్వకాలమ్మ అని పేరు పెట్టేసింది. కింద గదిలో ఉండే దర్జీ అయితే ఇంకో అడుగు ముందుకేసి, కత్తెర కనిపించకపోయినా సరే, మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేస్తాడు. "తవ్వకాలమ్మా, నీ మిషన్లో నా కత్తెరేమన్నా పడిందేమో చూడు" అంటాడు. ఆమె ఏమీ అనుకోదు. నలభై దాటిన మనిషి, అలాంటివాటికి ఉడుక్కునే వయసు ఎప్పుడో పోయింది.

మేడమీద గది ఒకటే. కిటికీ పక్కన బల్ల, బల్లమీద మెడ వంచుకున్న దీపం, రెండు కంప్యూటర్లు, మేకులకు వేలాడే సన్నసన్నటి తీగలు. మానిటరు మాత్రం గుండ్రంగా తిరిగే పీటమీద ఉంటుంది. అది కావాలని చేయించుకున్నది. తవ్వకాలమ్మకు ఒక పట్టింపు ఉంది. పోయినవి బయటికి తీస్తుందే గాని, తీసినవి తను చూడదు. ఫైళ్ళు దొరకగానే మానిటరును వచ్చినవాళ్ళ వైపు తిప్పేసి, తను కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. ఎవరి ఫోటోలు వాళ్ళే చూసుకుని, ఏది కావాలో చెప్పాలి. ఎవరింట్లో ఏముందో నాకెందుకమ్మా, నాకు నంబర్లు చాలు అంటుంది.

గురువారం పొద్దున్న తలుపు తీసి ఇంకా కుర్చీ దులుపుకోలేదు, మెట్లమీద రెండు జతల చెప్పుల చప్పుడు వినిపించింది. ముందు ఒకామె, వెనక ఒకాయన. ఆయన ఖాకీ చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. ఆమె మాత్రం చేతి రుమాల్లో చుట్టిన ఫోను తీసి బల్లమీద పెట్టి, కూర్చోమనకుండానే కూర్చుంది.

"మా ఆయన స్కూలు బస్సు డ్రైవరండి. ఈ ఫోన్లో ఫోటోలు పోయాయి. పోవడమేంటి, నేనే తీసేశాను. ముందే చెబుతున్నాను, తర్వాత నా నోటితో చెప్పించొద్దు" అంది.

"ఎప్పుడు తీసేశారు?"

"మంగళవారం పొద్దున్న. నా ఫోను పగిలింది కదా, ఈయన ఫోన్లో మా అక్కతో మాట్లాడదామని చూస్తే జాగా లేదు జాగా లేదని ఒకటే గోల. లోపల చూస్తే ఏముంది, ఖాళీ సీట్లు. రోజూ అవే. బస్సులో ఖాళీ సీట్లు వందలు వందలు. మనిషన్నవాడెవడైనా ఖాళీ సీట్లను ఫోటో తీసి దాచుకుంటాడా అనుకుని, అన్నీ ఒక్కసారే పట్టి పారేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. నేను ఏ పనీ సగంలో వదలను."

డ్రైవరు అప్పుడు నోరు విప్పాడు. అతని గొంతు మెల్లగా ఉంది. "అది మా స్కూలు రూలమ్మా. పిల్లలందరూ దిగాక డ్రైవరు ఆఖరి సీటు దాకా నడిచి, ఎవరూ మిగల్లేదని చూసుకుని, ఒక ఫోటో తీసి పెట్టుకోవాలి. ఎప్పుడడిగితే అప్పుడు చూపించాలి. రెండేళ్ళయింది. ఒక్కరూ అడగలేదు."

"మంగళవారం అడిగారు" అంది భార్య.

ఆ మాటతో అతను తల దించుకున్నాడు. మిగతాది తల ఎత్తకుండానే చెప్పాడు. మంగళవారం పొద్దున్న ట్రిప్పు అయ్యాక బస్సు పెట్టేసి ఇంటికెళ్ళి నడుం వాల్చాడు. పదకొండు గంటలకు స్కూలు నుంచి పిలుపు వచ్చింది. మూడున్నరేళ్ళ పాప ఒకతి బస్సులో దొరికిందట, సీటుమీద నిద్రపోయి లేచి ఏడుస్తుంటే తోటమాలి విన్నాడట. పాపకు ఏమీ కాలేదు. చెమటతో తడిసిపోయింది, నీళ్ళు తాగించారు, ఆడుకుంది. కానీ రెండున్నర గంటలు ఆ బస్సులో ఒక్కతే ఉంది.

"నేను చూశానమ్మా, ఖాళీగా ఉంది, ఫోటో కూడా ఉంది అన్నాను. అందరి ముందూ అన్నాను. జేబులోంచి ఫోను తీసి చూపించబోతే ఏముంది, ఒక్కటంటే ఒక్క ఫోటో లేదు. పెద్ద మేడమ్ నా ముఖం చూసింది. తలకాయ తీసేసినంత పనైంది."

"మరి బస్సు ఖాళీగా ఉంటే పాప ఎలా వచ్చింది?" అని అడిగింది తవ్వకాలమ్మ.

"మళ్ళీ ఎక్కుండాలి. నేను వెళ్ళాక బస్సు ఊడ్చి తలుపు వెయ్యాల్సింది స్కూలు ఆయమ్మ. ఆ రోజు ఊడవలేదు. తలుపు వేశాననే అంటోంది. వేస్తే పాప ఎలా ఎక్కుతుంది? సోమవారం దాకా ఇద్దర్నీ రావొద్దన్నారు. ఫోటో తెస్తే నేనుంటాను, తేకపోతే ఆమె ఉంటుంది."

తవ్వకాలమ్మ రుమాలు విప్పింది. ఫోను వెలుగుతూనే ఉంది. తెరమీద కొత్తగా దించిన బొమ్మలు మూడు వరసగా కనిపించాయి. పోయిన ఫోటోలు తెచ్చే యాప్‌లు.

"ఇవెవరు వేశారు?"

"నేనే. ఒకటి పనిచెయ్యలేదని ఇంకోటి వేశాను."

తవ్వకాలమ్మ తల పట్టుకుంది. ఫోను ఆపేసి, పక్కనున్న చిన్న తలుపు సూదితో పొడిచి మెమరీ కార్డు బయటికి లాగింది. కొట్టినా తిట్టినా పోయింది రాదు కాబట్టి మెల్లగానే చెప్పింది. "చూడమ్మా, చెరిపేశారంటే మీరు చేసిందల్లా ఇంటి ముందు నంబరు పలక పీకెయ్యడం. మనిషి ఇంకా లోపలే ఉంటాడు. తలుపు కొడితే పలుకుతాడు కూడా. కానీ పలక లేదు గనక ఆ ఇల్లు ఖాళీ అనుకుంటుంది ఫోను. మీరు కొత్తగా ఏది తెచ్చి పెట్టినా తీసుకెళ్ళి ఆ ఇంట్లోనే దింపుతుంది. మీరు ముగ్గుర్ని దింపారు."

"అయ్యో, నా చేతులు విరగ" అంది ఆమె. మొదటిసారి ఆమె గొంతు సన్నబడింది.

"చేతులు ఉండనివ్వండి. ఫోను మాత్రం ఇక ముట్టుకోవద్దు. ఇక్కడే ఉంటుంది."

*

కార్డును నేరుగా తవ్వకూడదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు, ఖాళీలతో సహా కంప్యూటర్లోకి దించుకుని, అసలుది కవరులో పెట్టి అంటించి, ఆ నకలు మీదే పని చెయ్యాలి. దించుకోవడానికే గురువారం గడిచిపోయింది. శుక్రవారం పొద్దున్న వెతుకులాట మొదలుపెట్టింది. తెరమీద అంకెలు చీమల బారులా కదులుతున్నాయి. అది తొందరపెడితే జరిగే పని కాదు. ఆమె ఈలోగా ఒక ముసలాయన ఫోనుకు అద్దం మారుస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం ఒక నడివయసు మనిషి వచ్చి గుమ్మం బయటే ఆగింది. చేతులు బాగా పొడిబారి ఉన్నాయి, నేల తుడిచే మందు వాసన ఇంకా వదల్లేదు.

"ఇక్కడ బస్సు డ్రైవరన్న ఫోను ఇచ్చాడంట కదమ్మా. నేను ఆ స్కూల్లో ఆయాని."

తవ్వకాలమ్మ కుర్చీ చూపించి కూర్చోమంది. ఆమె కూర్చోలేదు.

"ఆ ఫోటో వస్తుందా?"

"చెప్పలేను. రావచ్చు." దాచడం ఇష్టంలేక అనేసింది. "అది వస్తే మీకే ఇబ్బందేమో కదా."

"రానివ్వండి." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. "నేను తలుపు వేశాను. ఆ రోజు చంటిపిల్లల గదిలో ఎవరూ లేరని పెద్ద మేడమ్ కబురుపెడితే, ఊడవకుండానే తలుపు వేసి గొళ్ళెం పెట్టి పరుగెత్తాను. గొళ్ళెం పెట్టినట్టు నా చేతికి గుర్తుంది. ఊడవకపోవడం తప్పే. ఊడిస్తే కనపడేది కదా ఆ చిట్టితల్లి. అది నన్నెవరూ అనక్కర్లేదు, రోజూ నేనే అనుకుంటున్నాను."

"డ్రైవరు ఖాళీగా ఉందంటున్నాడు."

"ఆయన అబద్ధమాడే మనిషి కాదమ్మా. పదకొండేళ్ళు చూశాను. పిల్లలకు కుదుపు తగలకూడదని గుంత దగ్గర బస్సును పాకిస్తాడు. ఆయనా అబద్ధమాడ్డు, నేనూ ఆడను. మరి పాప ఎలా వచ్చింది? అందుకే ఆ ఫోటో రావాలి. ఇప్పుడు ఇద్దరం గాల్లో ఉన్నాం. వస్తే ఒకరైనా నేలమీద నిలబడతాం."

ఆమె తన నంబరు రిజిస్టర్లో రాయించి, వచ్చిన దారినే మెట్లు దిగిపోయింది. తవ్వకాలమ్మ అద్దం బిగించాల్సిన ఫోను చేతిలో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒకరు ఫోటో కావాలనేవాళ్ళు, ఇంకొకరు అది రాకుండా చూడమనేవాళ్ళు. ఇద్దరూ ఒకే ఫోటో రావాలని కోరుకోవడం ఇదే మొదలు. ఆమెకు ఆయమ్మ మీద జాలి కలిగింది. డ్రైవరు మీదా కలిగింది. అదే చిక్కు.

*

శనివారానికి ఫోను లోపలి నుంచి చిన్న బొమ్మలు బయటపడ్డాయి. ఫోటో పెద్దది పోయినా, దాన్ని జాబితాలో చూపించడానికి ఫోను తయారుచేసుకున్న బొటనవేలి గోరంత నకలు ఒక్కోసారి లోపలే మిగిలిపోతుంది. కబురు పెడితే డ్రైవరు అరగంటలో వచ్చాడు. తవ్వకాలమ్మ మానిటరు అతని వైపు తిప్పి, తను కిటికీ వైపు తిరిగింది. కింద దర్జీ ఎవరితోనో కొలతల మీద వాదిస్తున్నాడు.

"మంగళవారం, ఎనిమిది నలభై. ఆ వరసలో ఆఖరిది" అంది.

వెనక మౌసు నాలుగైదుసార్లు టిక్కుమంది. తర్వాత అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "ఇదేనమ్మా. ఖాళీగా ఉంది. ఒక్కరూ లేరు." కళ్ళు తుడుచుకున్నాడు కాబోలు, రుమాలు దులిపిన చప్పుడైంది. "నెత్తిన పాలు పోశారు. నాలుగు రోజులుగా నాకే అనుమానం వచ్చేసింది, చూశానా లేదా అని."

తవ్వకాలమ్మకు సంతోషించాలనే ఉంది. కానీ గొళ్ళెం పెట్టినట్టు నా చేతికి గుర్తుంది అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ఇది చాలు, తీసుకెళ్ళండి అంటే తన పని అయిపోయినట్టే. సోమవారం ఆ గోరంత బొమ్మతో ఆయమ్మ పని పోతుంది. అనాలా వద్దా అని తటపటాయిస్తుంటే అతనే అన్నాడు.

"పెద్దది కూడా వస్తుందా అమ్మా? ఇంత చిన్నది పట్టుకెళితే ఇదేంటి అంటారు. మచ్చలేకుండా చూపించాలని ఉంది."

"కార్డులో ఇంకా వెతుకుతోంది. రేపటికి తెలుస్తుంది."

"అయితే రేపు మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తాను. తను పోగొట్టింది వచ్చిందని చూస్తేగాని అన్నం తినేలా లేదు" అని నవ్వాడు. అతను నవ్వడం ఆమె వినడం అదే మొదటిసారి.

*

ఆదివారం ఇద్దరూ వచ్చేసరికి పని పూర్తయి ఉంది. రెండేళ్ళ ఫోటోల్లో ముప్పాతిక భాగం వచ్చాయి. మంగళవారంది కూడా వచ్చింది. అడుగున రెండు వేళ్ళ మందం మాత్రం బూడిదరంగు పట్టీ ఉందని ఫైలు పరిమాణం చూసే చెప్పేసింది తవ్వకాలమ్మ.

"అది నేను దింపిన అద్దెవాళ్ళా?" అంది భార్య దిగులుగా.

"వాళ్ళే. అయినా మిగతా ఇల్లంతా క్షేమం."

మానిటరు తిప్పింది. తను కిటికీ వైపు తిరిగింది. ఎదురింటి డాబామీద ఎవరో దుప్పటి ఆరేస్తున్నారు. దుప్పటికి నాలుగు మూలలా క్లిప్పులు పెట్టడం పూర్తయింది, వెనక ఇంకా మౌసు టిక్కుటిక్కుమంటోంది. పెద్దది చేస్తున్నాడు. మళ్ళీ చేస్తున్నాడు.

"ఏంటది?" అంది భార్య.

ఆమె కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది.

"ఆరో సీటు దగ్గర, అంచున. తెల్లగా. ఏదో గుడ్డ అయుంటుందండీ."

"మేజోడు" అన్నాడు డ్రైవరు. "లోపల మడమ ఉంది."

 తవ్వకాలమ్మ వెనక్కి తిరగలేదు. పట్టింపు పట్టింపే. 

భార్య గొంతు తగ్గించి గబగబా అంది. "నిన్న చిన్నదాంట్లో కనపళ్ళేదుగా. అదే తీసుకెళదాం. అది కూడా నిజమైన ఫోటోనేగా, మనమేం తిమ్మిని బమ్మిని చెయ్యలేదు. పెద్దది రాలేదంటే సరి. అసలు నేను చెరిపేసిందే కదా, మళ్ళీ చెరిపేసుకుంటాను. అమ్మా, మీరెలాగూ చూడరు. రాలేదనే అనుకోండి."

 తన పట్టింపు ఇలా పనికొస్తుందని తవ్వకాలమ్మ ఎన్నడూ అనుకోలేదు. చూడనివాళ్ళు మంచివాళ్ళని ఇన్నాళ్ళూ ఒక గర్వం ఉండేది లోపల. ఇప్పుడు ఆ గర్వం మీద ఆమెకే అసహ్యం వేసింది. తిరిగి ఏదో అనబోయింది.

అప్పటికే డ్రైవరు వేరే ఫోటోలు తెరుస్తున్నాడు. మొదటి నుంచి, ఒకదాని తర్వాత ఒకటి. టిక్కు, టిక్కు.

"ఇదిగో చూడు" అన్నాడు భార్యతో. "ఇది మొదటి నెల. ఎదురుగా ఏం కనిపిస్తోంది?"

"స్టీరింగు. ముందు అద్దం."

"అంటే నేనెక్కడున్నాను? ఆఖరి సీటు దగ్గర. అక్కడిదాకా నడిచి, వెనక్కి తిరిగి తీశాను. ఇది చూడు, ఆ శీతాకాలం. స్టీరింగు పెద్దదైంది. సగం దాకా నడిచి తీశాను. మోకాలు పట్టేసింది అప్పుడు." టిక్కు. "ఇది వేసవి. ఇక స్టీరింగే లేదు. వెనకద్దం కనిపిస్తోంది. ఇది నా సీటు దగ్గర నిలబడి తీసింది. ఇదీ అంతే. ఇదీ అంతే. సంవత్సరం నుంచీ అంతే. ముందు నిలబడితే సీట్ల వీపులే కనిపిస్తాయి. సీటుమీద ఎవరు పడుకున్నారో ఏం తెలుస్తుంది?"

మౌసు ఆగిపోయింది.

"మోకాలు తగ్గి ఏడాదైంది" అన్నాడు అతను. "ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. రోజూ చూశాననే అనుకున్నాను. ఒట్టు పెట్టమన్నా పెట్టేవాణ్ణి. నేను చూళ్ళేదే. ఫోటో తీశానంతే."

పీట కిర్రుమంది. తవ్వకాలమ్మ తల తిప్పి చూస్తే, అతను రెండు చేతులతో మానిటరు పట్టుకుని ఆమె వైపు తిప్పుతున్నాడు.

"మీరు చూడరని తెలుసమ్మా. ఈ ఒక్కటీ చూడండి. రేపు మేడమ్ ముందు నా నోరు పెగలకపోతే, చూసినవాళ్ళు ఇంకొకరు ఉండాలి."

ఆమె చూసింది. నీలంరంగు సీట్ల వరసలు, వాటిమీద పొద్దుటి ఎండ, ఎడమవైపు ఆరో సీటు అంచున బఠాణీ గింజంత తెలుపు. దగ్గరికి లాగితే అది మెత్తటి చిన్న మడమ. అలిసిపోయి నిద్రపోయిన బిడ్డ మడమ.

"చూశాను" అంది.

"ఆయమ్మ నంబరు మీ దగ్గరుందా?"

రిజిస్టరు తెరిచి చూపించింది. తన ఫోను ఆపేసి ఉంది కాబట్టి దుకాణం ఫోన్లోనే నొక్కాడు. అతను నిలబడే మాట్లాడాడు, చొక్కా పై గుండీ సర్దుకుంటూ.

"చెల్లెమ్మా, నేను. ఫోటో వచ్చింది. పాప అందులోనే ఉంది. నువ్వు తలుపు వేశావు. నేనే చూళ్ళేదు. రేపు అదే చెబుతాను. నీమీద నింద వేశాను, మనసులో పెట్టుకోకు."

 ఆయమ్మది పెద్ద గొంతు, ఫోను బయటికి కూడా వినిపించింది. "నేను ఊడిచినా కనపడేదన్నా. పాపకేం కాలేదు, అది చాలు. నువ్వు ముందు ఏదన్నా తిను. వదిన పక్కనుందా? ఆవిడ్ని ఏమీ అనకు."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆమే ముందు నడవలేదు. ఆయన పక్కన, ఆయన అడుగుకు తగ్గట్టు, ఒక్కో మెట్టూ ఆగి దిగింది.

*

బుధవారం సాయంత్రం డ్రైవరు ఒక్కడే ఫోను తీసుకోవడానికి వచ్చాడు. ఖాకీ చొక్కా అదే, పై గుండీ మాత్రం విప్పి ఉంది. తవ్వకాలమ్మ రివాజు ప్రకారం అతని కళ్ళముందే కంప్యూటర్లోని నకలు మొత్తం తుడిచేసి, కార్డు కవరు విప్పి ఫోన్లో పెట్టింది.

"ఏమన్నారు?" అని అడిగింది.

"ఆయమ్మ మంగళవారం నుంచే వెళుతోంది. ఇప్పుడు ఎవరు పిలిచినా సరే, ఊడ్చాకే వస్తాను అంటోందట. పెద్ద మేడమ్‌తోనే అనేసిందట." అతని ముఖంలో చిన్న వెలుగు కనిపించి పోయింది. "నాకు పిల్లల బస్సు ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. పాప వాళ్ళమ్మ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం."

"మరి?"

"పుస్తకాలు, బల్లలు తెచ్చే వ్యాను ఉంది. అది నడపమన్నారు. ఈరోజే మొదలు."

తవ్వకాలమ్మ ఫోను అతని చేతికిచ్చింది. అతను దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగాడు.

"సామాను దింపేశాక వ్యానెక్కి చివరిదాకా నడిచానమ్మా. ప్రతి మూలా చేత్తో తడిమాను. కూలీలు నవ్వారు, అట్టపెట్టెలు నిద్రపోతాయా అని."

"ఫోటో తీశారా?"

"లేదమ్మా" అన్నాడు. "చూశాను."